మూడు మీటర్లకో సంచి

లోబాట్సేలో ఈ రేకుల షెడ్డు తాళంచెవి
ముప్ఫయ్యొక్క ఏళ్లుగా నా మొలకే ఉంది.
లోపల వజ్రాలేం లేవు, సంచులు.
బోరు మూడు మీటర్లు దిగితే ఒక సంచి,
ఇంకో మూడు దిగితే ఇంకొకటి.
కలహారి అంతా ఇక్కడ గుప్పెళ్ల లెక్కన
మెడకి చీటీ కట్టుకుని కూర్చుంది.

నేను పనిలో చేరినప్పుడు
మా నేల సంగతి తెలిసినవాళ్లంతా విమానం దిగి వచ్చేవారు.
మావాళ్ల చేతిలో డ్రిల్లు, వాళ్ల చేతిలో పెన్ను.
రెండేళ్లుండి నివేదిక కుట్టి వెళ్లిపోయేవారు.
మాకు దక్కేది నాలుగో కార్బన్ కాపీ.
వాన కిందిదాకా దిగదు, రాసి ఉండేది అందులో,
ఉన్నవి పాత నీళ్లు, తోడితే అయిపోతాయి.
ఊరి పేరు తప్పు.
మిగతాది ఒప్పో కాదో
మాలో చూడగలిగినవాడు లేడు.

తర్వాత ఒనాలెన్న వచ్చింది,
చలిదేశంలో చదువుకుని, గొంతులో ఇంకా దగ్గుతో.
ఆరుగురు పిల్లలు, అయిదు కుర్చీలు.
ప్రొజెక్టరు కాలిపోయిన రోజున
అందర్నీ నా షెడ్డుకి తోలుకొచ్చి
"నోట్లో వేసుకోండి" అంది.
పళ్లకింద కరకరలాడితే ఒండు,
వెన్నలా జారితే బంకమన్ను.
ఆ సెమిస్టరంతా ఉమ్ముతూనే ఉన్నారు,
నేను ఊడుస్తూనే ఉన్నాను.

ఆ ఆరుగురిలో ఒకడు గాంజీ వైపు పిల్లాడు.
నాలుక టక్కుమనిపించి పలకాల్సిన పేరు.
మా నోళ్లకి పట్టక రిజిస్టర్లో యోహానెస్ అయ్యాడు.
పీడనం పాఠం రోజున లేచి చెప్పాడు:
"మా అమ్మమ్మ రెల్లుపుల్ల కొసకి గడ్డి చుట్టి
తడి ఇసుకలో దించి చప్పరించేది.
నోటినిండా ఊరాక నిప్పుకోడి గుడ్డు డొల్లలోకి వదిలేది."
ఎవరో నవ్వారు.
ఒనాలెన్న నవ్వలేదు. సుద్దముక్క కింద పెట్టింది.
శనివారం అందరూ జీపులో వెళ్లారు.
ముసలమ్మకి ఒక కప్పు నిండడానికి నలభై నిమిషాలు.
ఆరుగురూ పెదాలు పగిలేలా పీల్చినా
గొంతులోకి ఇసుకే.
ఆ లెక్క ఇప్పటికీ మొదటి ఏడాది పుస్తకంలో ఉంది,
ముసలమ్మ పేరుతో సహా, ఆ టక్కుతో సహా.

ఒకసారి అరవై తొమ్మిది అని రాసిన సంచిలో
వేరుముక్క దొరికింది.
మొట్లోపి చెట్టుది. పైన మనిషంత ఎత్తు లేదు,
కిందికి మాత్రం ఎంతకి తెగించిందో చూడండి.

వాన దిగదన్న మాట నిజమేనా అని
ఇసుకలో ఉప్పు కొలిచారు, మూడేళ్లు.
దిగుతుంది.
ఏటికి రెండు మిల్లీమీటర్లు. గోటి మందం.
మా దేశంలో డబ్బుకీ వానకీ ఒకటే పేరు, పులా.
ఆవుల సిండికేటు పెద్దమనిషి ఆ అంకె విని
"చిల్లరేనా?" అన్నాడు.
"చిల్లరే. ఏటా వస్తుంది. అంతే ఖర్చు పెట్టు" అంది.
పెట్టాడా? ఇంకో రెండు బోర్లేశాడు.

కొత్త బ్యాచ్ వస్తే ఆమె మొదట చూపించేది
కిటికీ పక్క అర.
నలభై ఏడు సంచులు, నూట నలభై ఒక్క మీటర్లు,
ఆమె మొదటిసారి వేలు పెట్టి చూపిన చోటు.
చుక్క పడలేదు.
పారేద్దామా అని అడిగాను ఓసారి.
తాళంచెవి లాక్కున్నంత పని చేసింది.

ఇప్పుడు క్లాసులో ముప్ఫైమంది.
సరిహద్దు దాటి కూడా వస్తున్నారు నేర్చుకోవడానికి.
నిన్న ఒక పిల్ల అడిగింది,
"ర్రా, వీటిలో ఏ సంచిలో నీళ్లున్నాయి?"
ఏ సంచిలోనూ లేవమ్మా.
అవి ఉండేది రేణువుకీ రేణువుకీ నడుమ సందులో.
ఆ సందుని ఎత్తి పట్టుకురావడం
ఇంకా ఎవరికీ చేతకాలేదు.

సరే, ఆ చివరి వరస చూసేసి
వెళ్లేటప్పుడు తలుపు గట్టిగా లాగండి.
ఎలుకలు చీటీలు కొరుకుతున్నాయి.